నలభై బ్యాగులు కుడితే చేతికి ఎంతొచ్చింది?

రెండు నెలలుగా ఈ పేజీకి వచ్చే ఉత్తరాల్లో ఒకటే ప్రశ్న తిరిగి తిరిగి వస్తోంది, "బిజినెస్ ప్లాన్ రాయమంటున్నారు, చేతిపని చేసుకునేవాళ్లకు అదెందుకండీ?" అని. బ్యాంకులో అడిగారని ఒకరు, మహిళా సంఘం మీటింగులో చెప్పారని ఇంకొకరు, బీటెక్ చదివిన అల్లుడు పండక్కి వచ్చినప్పుడల్లా ఇదే పోరు పెడుతున్నాడని మరొకరు. నల్లగొండ, పాలమూరు వైపు ఉత్తరాలే ఎక్కువ కాబట్టి ఈసారి పేజీ మొత్తం వాళ్లకే. పేర్లు వేయడం లేదు. ఇద్దరు ప్రత్యేకంగా వద్దన్నారు, కారణం కూడా రాశారు, లెక్కలు బయటికొస్తే చుట్టాలు అప్పు అడుగుతారట! అదీ నిజమే.

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర ఒక తండా. మా నాయనమ్మ దగ్గర నేర్చుకున్న లంబాడీ కుట్టుతో హ్యాండ్‌బ్యాగులు చేస్తున్నాను. తండాలో నలుగురు ఆడవాళ్లు అద్దాలు, గవ్వలు పెట్టి ముక్కలు కుట్టి ఇస్తారు, నేను కత్తిరించి మిషన్ మీద బ్యాగుగా కుడతాను. ఒక్కో బ్యాగుకు గుడ్డ, లైనింగు, జిప్పు, దారం, అద్దాలు, గవ్వలు అన్నీ కలిపి 160 రూపాయలు, కుట్టినవాళ్లకు 120. అమ్మేది 450కి. అంటే బ్యాగుకు 170 మిగులుతుంది. నెలకు 40 చేస్తాం కాబట్టి 6,800 మిగలాలి. ఏ నెలా అంత కనిపించదు. ఏడాది చివర చూస్తే డబ్బాలో ఏమీ ఉండదు. మా ఆయనేమో "నువ్వు అందరికీ పంచిపెడుతున్నావ్" అంటాడు. మా తమ్ముడు బిజినెస్ ప్లాన్ రాయమంటున్నాడు. నాకు లోను అక్కర్లేదు, ఇంక ప్లాన్ ఎందుకు?

జవాబు: చెల్లెమ్మా, ముందు మీ ఆయన వైపు కొంచెం మాట్లాడక తప్పదు. ఉత్తరం వెనకవైపు మీరే రాశారు, నెలకు ఒకటో రెండో కుట్టు తేడా వచ్చి పక్కన పడతాయని, ఒకటో రెండో పెళ్లిళ్లకో పిల్లల టీచరమ్మకో ఇచ్చేస్తానని. నాలుగు అనుకుందాం. అంటే 40 చేస్తే అమ్మేది 36.

ఇప్పుడు లెక్క మళ్లీ వేద్దాం. 36 బ్యాగులు 450 చొప్పున 16,200 వచ్చింది. ఖర్చు మాత్రం 40కీ అయ్యింది, 40కి 280 చొప్పున 11,200. మిగిలింది 5,000. మీ 6,800లో 1,800 ఇక్కడే పోయింది, ఇంకా మనం ఇల్లు దాటలేదు. నెలకు రెండుసార్లు హైదరాబాద్ వెళ్లి బేగంబజార్‌లో సరుకు తెస్తారు కదా, 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఫ్రీ, అది నిజమే, కానీ ఆటోవాడు ఫ్రీగా ఎక్కించుకోడు, మధ్యాహ్నం అన్నం ఎవరూ ఊరికే పెట్టరు, రెండు ట్రిప్పులకు 600 వేసుకోండి. కవర్లకు, లేబుళ్లకు ఓ 400. ఏడాదికి మూడు ఎగ్జిబిషన్లలో స్టాలు పెడతానన్నారు, ఒక్కోదానికి 6,000 అద్దె అన్నారు, అది ఏడాదికి 18,000, నెలకు 1,500. ఈ మూడూ కలిపి 2,500. ఐదు వేలలోంచి అది తీసేస్తే మీకు మిగిలింది 2,500.

అసలు బాధ ఇంకా ఉంది. ఒక్కో బ్యాగు కత్తిరించి, కుట్టి, దారాలు తీసి సర్దడానికి గంటన్నర పడుతుందన్నారు. 40కి 60 గంటలు. సరుకుకు పోయిన రెండు రోజులు ఇంకో 16 గంటలు. మొత్తం 76 గంటలకు 2,500, అంటే గంటకు 33 రూపాయలు. మన రాష్ట్రంలో ఉపాధి హామీ పనికి 2025-26లో రోజు కూలి 307 రూపాయలు, ఎనిమిది గంటలకు భాగిస్తే గంటకు 38. నాయనమ్మ దగ్గర నేర్చుకున్న పని, మిషన్, పెట్టుబడి, తిరుగుడు, టెన్షన్ అన్నీ పెట్టి మీరు మట్టి పనికంటే తక్కువ తీసుకుంటున్నారు. మీరు తీసుకుంటున్నానని కూడా అనుకోవట్లేదు, ఎందుకంటే మీ లెక్కలో మీ కూలి అనే లైనే లేదు. తండా ఆడవాళ్లకు 120 రాశారు, మీకు సున్నా. చేతిపని చేసేవాళ్ల ఉత్తరాలు నేను చాలా చదివాను, నూటికి తొంభై మంది ఇదే తప్పు చేస్తారు (ఈ తొంభై నా అంచనా, ఎవరూ సర్వే చేయలేదు).

తమ్ముడు రాయమన్న ప్లాన్‌లో మొదటి పేజీ అంటే ఇదే. బ్యాంకు కోసం అక్కర్లేదు, మీకే కావాలి.

కష్టానికి లెక్క కట్టడమంటే మనలో చాలామందికి మొహమాటం. "ఇంట్లో కూర్చుని చేసేదే కదా" అనేస్తాం. పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పి చుట్టాలంటే, మనిషి చేయి కొన్ని వేలసార్లు అటూ ఇటూ తిరగాలి, ఇళ్లల్లో ఆడవాళ్లే ఆ పని చేసేవాళ్లు, భుజాలు పోయేవి, అదీ "ఇంటిపని" కిందే జమ. ఆలేరు వైపు చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ భుజం నొప్పి చూసి ఆసు యంత్రం తయారు చేశారు, 2017లో పద్మశ్రీ కూడా వచ్చింది. మీరు యంత్రం కనిపెట్టక్కర్లేదు, గంటన్నర అని నోట్‌బుక్‌లో రాసుకుంటే చాలు.

సరే, రేటు పెంచితే కొనరు కదా అంటారు. ఆ లెక్కా వేద్దాం. 550 పెట్టండి. గిరాకీ తగ్గి 28 మాత్రమే పోయాయనుకోండి, పాడైనవి, ఇచ్చినవి మూడు కలుపుకుని 31 చేశారు. వచ్చింది 15,400. సరుకు, కుట్టుకూలి 31కి 8,680. మిగిలింది 6,720. ప్రయాణం 600, కవర్లు 340, స్టాలు 1,500 తీసేస్తే 4,280. ఎనిమిది బ్యాగులు తక్కువ అమ్మి, పదమూడున్నర గంటలు తక్కువ పనిచేసి, 1,780 ఎక్కువ సంపాదించారు. ఇందులోంచి తండా ఆడవాళ్లకు ముక్కకు ఇంకో 20 పెంచినా 620 పోతుంది, అప్పటికీ మీకు 3,660 ఉంటుంది. వాళ్లు ఇదివరకు 40 ముక్కలకు 4,800 తీసుకునేవాళ్లు, ఇప్పుడు 31కి 4,340 వస్తుంది. కొంచెం తగ్గినట్టే, కానీ తొమ్మిది ముక్కల పని కూడా తగ్గింది, వాళ్లతో కూర్చుని మాట్లాడండి. నిజానికి 550కి 28 కంటే ఎక్కువే పోతాయని నా నమ్మకం, చేతికుట్టు అని తెలిసి కొనేవాళ్లు వంద రూపాయల దగ్గర ఆగరు. కొనేవాళ్లకు అది చేతికుట్టని తెలియాలి, అంతే. కుట్టే చెయ్యి కనిపించేలా చిన్న వీడియో తీసి పెట్టండి, మిషన్ ఎంబ్రాయిడరీ పక్కన మీది పెట్టి వెనకవైపు తిప్పి చూపించండి.

ఇంక 2,500 కూడా డబ్బాలో ఎందుకు లేదు? మీరు ఒకే వాక్యంలో దాటేశారు, సిటీలో ఒక బొటిక్ వాళ్లు నెలకు పది బ్యాగులు తీసుకుని "అమ్మాక ఇస్తాం" అంటారని. అది ఉద్దెర. పది బ్యాగులంటే 4,500. మూడు నెలలు ఆగితే 13,500 వాళ్ల షెల్ఫు మీద కూర్చుంది. మీకు నెలకు మిగిలేది 2,500 అయితే, ఐదు నెలల కంటే ఎక్కువ సంపాదన వాళ్ల షాపులో ఉంది! ఇకనుంచి సగం డబ్బు ముందు, సగం 30 రోజుల్లో, ఎన్ని బ్యాగులు ఇచ్చారో రాసిన చీటీ మీద వాళ్ల సంతకం. ఒప్పుకోకపోతే ఇవ్వకండి. ఒప్పుకోరని భయపడుతూనే ఉంటాం గానీ, అడిగితే చాలామంది ఒప్పుకుంటారు.

రెండో పేజీలో పన్నెండు నెలలు గీసుకోండి. మీ ఉత్తరంలో దసరా ముందు ఆర్డర్లు వస్తాయి, అప్పుడే ఆడవాళ్లు దొరకరు అని విసుక్కున్నారు. దొరకరు మరి, అక్టోబరు వచ్చిందంటే మన జిల్లాలో పత్తి ఏరుడు మొదలు, చేలో రోజు కూలి వస్తుంటే సూది పట్టుకుని ఎవరు కూర్చుంటారు? అంతకుముందు వానాకాలం నాట్లు. ఇది ప్రతి ఏడాదీ జరిగేదే, ప్రతి ఏడాదీ మీకు కొత్తగానే ఉంటోంది. ఎండాకాలంలో, ఏప్రిల్ నుంచి జూన్ దాకా, చేలలో పని తక్కువ, నీడలో కూర్చుని చేసే పని కావాలని వాళ్లే అడుగుతారు. కుట్టు ముక్కలు అప్పుడు చేయించి పెట్టుకోండి. దసరాకు వంద ముక్కలు కావాలంటే ముక్కకు సరుకు, కూలి కలిపి 280 కాదు, జిప్పు, లైనింగు తర్వాత కదా, 200 అనుకుందాం, 20,000 రూపాయలు మే నెలలో చేతిలో ఉండాలి. అప్పుడు గానీ తెలియదు, మీకు లోను అక్కర్లేదా, అక్కరుందా అన్నది. సంఘంలో తీసుకునే చిన్న అప్పుతోనే అయిపోవచ్చు. ఏ నెలలో ఎంత కావాలో, ఏ నెలలో తిరిగి కట్టగలరో ఆ పన్నెండు గళ్లే చెబుతాయి.

ఎగ్జిబిషన్ల గురించి నా సొంత బాధ ఒకటి. పదేళ్ల కిందట నేనూ జనపనార సంచులు చేయించి ఒక మూడు రోజుల మేళాలో స్టాలు పెట్టాను. 21,000 అమ్మాను. ఆ సంతోషంలో తిరుగు ప్రయాణంలో అందరికీ బిర్యానీ పెట్టించాను. పొద్దున లేచి లెక్క చూస్తే స్టాలు అద్దె 9,000, అమ్ముడైన సంచుల ఖర్చు 11,000, ట్రాలీ ఆటో 2,200, ఇద్దరు పిల్లల బస, తిండి 1,500. మొత్తం 23,700. అంటే 2,700 నష్టం, బిర్యానీ కాక. జనం వేలల్లో వస్తారని చెప్పిన నిర్వాహకులు మా స్టాలును జనరేటర్ వెనక పెట్టారు, దానికీ డబ్బు తీసుకున్నారు. తర్వాత ఏ మేళాకు పిలిచినా ముందు ఒకటే లెక్క వేసేదాన్ని, అద్దె, బండి, తిండి పోగా ఖర్చులు వెనక్కి రావాలంటే ఎన్ని సంచులు అమ్మాలి? మీ బ్యాగు 550 అయితే ఒక్కోదానికి 270 మిగులుతుంది, 6,000 అద్దెకే 23 బ్యాగులు పోవాలి. 23 పోతాయనిపిస్తే వెళ్లండి.

ప్రశ్న: జడ్చర్ల దగ్గర మా ఊరు. మేదరి పని మాది. నాన్న చాటలు, గంపలు, తట్టలు అల్లేవాడు, ప్లాస్టిక్ వచ్చాక కొనేవాళ్లు లేరు. నేను ట్రైనింగులో లైటు మీద పెట్టే షేడ్లు, ట్రేలు నేర్చుకున్నాను. లోనుకు పోతే ప్రాజెక్టు రిపోర్టు తెమ్మన్నారు. బజార్లో ఒకాయన 4,000 ఇస్తే రెడీమేడ్ రిపోర్టు ఇస్తానంటున్నాడు. తీసుకోవాలా అన్నా/అక్కా? (ఎవరో తెలియక రెండూ రాస్తున్నా.)

జవాబు: అక్కనే. తీసుకోకు తమ్ముడూ. అలాంటి రిపోర్టు ఒకటి నా దగ్గరికి వచ్చింది, పైన వెదురు పని అని ఉంది, ఖర్చుల పేజీలో ఆవాలు, మెంతులు, నువ్వుల నూనె. ఎవరిదో పచ్చళ్ల రిపోర్టుకు పేరు మార్చి ఇచ్చాడు. బ్యాంకు మేనేజరు ఒకే ఒక్క ప్రశ్న అడిగాడట, "బొంగుకు ఎన్ని షేడ్లు వస్తాయి బాబూ?" అని. రిపోర్టు మోసుకెళ్లిన పిల్లాడికి జవాబు తెలుసు, ముప్పై ఏళ్లుగా ఇంట్లో చూస్తున్నదే, కానీ రిపోర్టులో ఇంకేదో ఉంది. అక్కడే ఆగిపోయింది.

నీది పెద్ద లోను కాదు కాబట్టి ముందు పీఎం విశ్వకర్మ చూడు, చేతివృత్తులవాళ్లకు కేంద్ర ప్రభుత్వం పెట్టిన పథకం. 2023 సెప్టెంబరు 17న మొదలైంది, 18 వృత్తులకు ఇస్తారు, అందులో బుట్టలు, చాపలు, చీపుర్లు అల్లేవాళ్లున్నారు. కామన్ సర్వీస్ సెంటర్లో ఆధార్‌తో రిజిస్టర్ చేస్తారు, ఇంట్లో ఒక్కరికే అవకాశం. ట్రైనింగు ఉన్నన్ని రోజులు రోజుకు 500, పనిముట్లకు 15,000 ఇస్తారు. తాకట్టు లేకుండా మొదటి విడత లక్ష దాకా లోను, 5 శాతం వడ్డీ, 18 నెలల్లో కట్టాలి. అది సరిగ్గా కడితే రెండో విడత రెండు లక్షల దాకా.

ఇంత వినగానే లక్షా తీసుకుందామనిపిస్తుంది. ఆగు. లక్షకు 18 నెలల వాయిదా దాదాపు 5,800 పడుతుంది. ఒక షేడ్ మీద నీ కూలి పోను 150 మిగులుతుందనుకుంటే, వాయిదా కట్టడానికే నెలకు 39 షేడ్లు అమ్మాలి, ఆషాఢంలోనూ, ఇంట్లో ఎవరికైనా బాగోలేని నెలలోనూ. నెలకు ఇప్పుడు ఎన్ని పోతున్నాయి? నువ్వు ఉత్తరంలో రాయలేదు, అది నాకు కొంచెం భయంగా ఉంది. పది పోతుంటే 25,000 తీసుకో, చాలు.

నీ ప్లాన్‌లో రెండు విషయాలు తప్పక ఉండాలి, ఏ రెడీమేడ్ రిపోర్టులోనూ ఉండవు. ఒకటి పురుగు. చాట అయితే వంటింట్లో పొట్టు రాలినా ఎవరూ అడగరు, రెండేళ్లకు ఇంకోటి కొంటారు. షేడ్ అయితే డైనింగ్ టేబుల్ మీద పొడి రాలగానే ఫోన్ వస్తుంది. బొంగును బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరబెట్టాలి, దానికి తొట్టి కావాలి, రోజులు కావాలి, ఆ ఖర్చు, ఆ రోజులు రేటులో ఉండాలి. రెండోది ఎవరు కొంటారన్నది. ఇన్‌స్టాగ్రామ్ అని రాశావు, పెట్టు, తప్పు లేదు, కానీ మీ ఊరి పక్కనే 44వ నంబరు హైవే పోతోంది, షాద్‌నగర్ నుంచి కర్నూలు దాకా ఎన్ని ధాబాలు, హోటళ్లు! ఒక ధాబా కొత్తగా కడితే ఒకేసారి ఇరవై షేడ్లు పడతాయి. రెండు శాంపిళ్లు బండి మీద పెట్టుకుని పది చోట్ల తిరిగిరా, ఎవరేమన్నారో, ఏ రేటు దగ్గర మొహం తిప్పారో రాసుకో. ఆ పది చీటీలే నీ రిపోర్టులో అన్నిటికంటే విలువైన పేజీ. పొలంలో పెంచిన వెదురుకు 2017 తర్వాత చెట్టు నరికే పర్మిషన్ గొడవ లేదు కాబట్టి బొంగు ఎవరి దగ్గర, ఎంతకు కొంటావో కూడా ధైర్యంగా రాయొచ్చు.

నాన్నను చాటలు మానేయమనకు. కురుమూర్తి జాతరలాంటి చోట్ల ఇప్పటికీ కొనే చేతులున్నాయి, ఆ డబ్బు చిన్నదైనా ఆ నెలే వస్తుంది.

ప్రశ్న: గద్వాలలో మాకు రెండు మగ్గాలు. నేను, నాన్న నేస్తాం, అమ్మ కండెలు చుడుతుంది. మాస్టర్ వీవర్ నూలు, పట్టు, జరీ ఇచ్చి చీరకు 2,500 కూలి ఇస్తాడు. సరుకు 3,000 అవుతుంది, షాపులో 8,500కి అమ్ముతున్నారు. నేనే నేరుగా ఆన్‌లైన్‌లో అమ్మితే చీరకు 5,500 మిగులుతుంది కదా? నాన్న ఒప్పుకోవడం లేదు.

జవాబు: నాన్న ఒప్పుకోకపోవడానికి కారణం భయం అనుకుంటున్నావు, నాకైతే ఆయన నోటిలెక్క నీకంటే బాగుందనిపిస్తోంది. మాస్టర్ వీవర్ మీకు ఇచ్చేది కూలి ఒక్కటే కాదు. సరుకు ముందే ఇస్తాడు, అమ్ముడుపోని చీర తనే పెట్టుకుంటాడు, నేయగానే డబ్బిస్తాడు. ఎక్కువ మిగుల్చుకుంటాడు, అదీ నిజమే, దాని మీద నాకు ఆయనతో సానుభూతి ఏమీ లేదు. కానీ రేపటినుంచి ఆ మూడు పనులూ నీవి.

రెండు మగ్గాల మీద నెలకు పది చీరలు దిగుతాయన్నావు. సరుకుకు 30,000 నీ జేబులోంచి, రాకుండా పోయిన కూలి 25,000, నెలకు 55,000. మొదటి చీరలు అమ్ముడై డబ్బు తిరగడానికి మూడు నెలలు పడితే 1,65,000 ఉండాలి. ఉందా? లేకపోతే రెండో నెలలో ఆ పది చీరలు పట్టుకుని అదే షాపుకు వెళ్లి ఎంతకిస్తే అంతకు ఇచ్చేస్తావు, వాళ్లకు అప్పుడు నీ అవసరం కనిపిస్తుంది.

8,500 కూడా నీ రేటు కాదు. షాపులో చేత్తో పట్టుకుని చూసి కొంటారు. ఫోన్‌లో కొత్తవాడి దగ్గర కొనేవాళ్లు తగ్గింపు అడుగుతారు. 6,500కి పోయిందనుకో, సరుకు పోగా 3,500, కొరియర్, డబ్బా, వాపసు వచ్చేవి కలిపి 300 తీసేస్తే 3,200. కూలికంటే 700 ఎక్కువ. "ఇంకో కలర్ ఉందా" అనే రెండు వందల వాట్సాప్ మెసేజీలకు జవాబు చెప్పినందుకు! ఏడాది తర్వాత, నమ్మకం కుదిరాక, 7,500 అడగొచ్చు, అప్పుడు అసలు లాభం మొదలవుతుంది.

కాబట్టి ఒక మగ్గం కూలికే ఉంచు, ఒకటి నీది. నెలకు ఐదు చీరలు, సరుకు 15,000, ఇంకో మగ్గం మీద 12,500 వస్తూనే ఉంటుంది కాబట్టి ఇల్లు నడుస్తుంది. నాన్నకు ఈ లెక్క కాగితం మీద చూపించు, నోటితో వాదించకు. గద్వాల చీరంటే ఒళ్లంతా కాటన్, అంచూ కొంగూ పట్టు, ఆ రెండూ కలిసే చోట చేసే కుప్పడం పని మరమగ్గం చీరలో ఉండదు, నీ వీడియోలన్నీ ఆ ఒక్క చోట తీయి. జీఐ గుర్తింపు, అంటే ఈ సరుకు ఈ ప్రాంతానిదేనని చెప్పే ప్రభుత్వ ముద్ర, గద్వాల చీరకు ఉంది, దాన్ని వాడుకునే హక్కున్నవాళ్లలో నీ పేరు కూడా నమోదు చేయించుకో. జీఎస్టీ పరిమితి లోపు అమ్మేవాళ్లు 2023 అక్టోబరు 1 నుంచి జీఎస్టీ నంబరు లేకపోయినా ఈ-కామర్స్ సైట్లలో సొంత రాష్ట్రం లోపల అమ్ముకోవచ్చు, బయటి రాష్ట్రానికి ఆ దారిలో కుదరదు. నీ కొనుగోలుదారులు బెంగళూరులో ఉంటారనుకుంటే ఈ విషయం ముందే ప్లాన్‌లో ఉండాలి, గద్వాల నుంచి బెంగళూరు ఎంత దగ్గరో నీకు నేను చెప్పక్కర్లేదు.

ప్రశ్న: నల్లగొండలో ఉంటాను. పిల్లలు స్కూలుకు పోయాక సిల్క్ థ్రెడ్ గాజులు, రాఖీలు చేసి అపార్ట్‌మెంట్లో అమ్ముతాను. నాకూ ప్లాన్ కావాలా?

జవాబు: అక్కర్లేదు. సరదాగా చేస్తున్నారు, సరదా ఉన్నంతకాలం చేయండి. ఒక్కటి, రాఖీల డబ్బు, ఇంటి డబ్బు ఒకే పర్సులో వేయకండి. ఎవరైనా "పెళ్లికి రెండు వందల సెట్లు కావాలి, రిటర్న్ గిఫ్టులకు" అని అడిగిన రోజు మాత్రం వెంటనే ఊ అనకండి, సెట్టుకు ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి చూసుకుని, సగం అడ్వాన్సు తీసుకుని, అప్పుడు చెప్పండి.

ప్రశ్న: వనపర్తి నుంచి రాస్తున్నాను, మట్టి పాత్రలు చేస్తాం. ప్లాన్ ఇంగ్లీషులోనే రాయాలా? కంప్యూటర్లో టైపు చేయించాలా?

జవాబు: మీకోసం రాసుకునేది తెలుగులోనే, లాంగ్ నోట్‌బుక్‌లోనే. బ్యాంకుకు ఇవ్వాల్సి వచ్చినప్పుడు వాళ్ల ఫారంలో అంకెలు ఎక్కించడమే కదా, అది మీ అమ్మాయి చేస్తుంది, ఏడో తరగతి అన్నారు, బాగా చేస్తుంది. ముందు మీరు ఒక పని చేయండి. వచ్చే ఆవం కాల్చినప్పుడు ఎన్ని కుండలు పెట్టారో, ఎన్ని పగలకుండా దిగాయో, కట్టెలకు ఎంతయిందో రాయండి. మూడు ఆవాలకు రాశాక ఆ పేజీ ఫొటో తీసి నాకు పంపండి, అప్పుడు కుండ రేటు గురించి మాట్లాడుకుందాం.